తిరిగి వచ్చేవారి లెక్క

మంగళవారం పొద్దున కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది లెక్చరర్ గారి భార్య. "టీచరమ్మా, సారు పోయినారు. తెల్లారుజామున. నిద్రలోనే" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పత్రికలో ఆయన గురించి నాలుగు వాక్యాలు వేశారు. అందులో రెండు తప్పులు. నంద్యాల-ఆళ్లగడ్డ రోడ్డును వెడల్పు చేయించారని రాశారు. ఆయన ఏ రోడ్డునూ వెడల్పు చేయించలేదు. మా ఊరి బస్సు స్టాపును నూట తొంభై అంగలు అవతలికి జరిపించారు. ఆ అంగలు నేనే వేసి చూశాను కనుక అంకెలో సందేహం అక్కర్లేదు. పెద్ద పదవులు అలంకరించారని కూడా రాశారు. చివరిదాకా ఆయన పాఠం చెప్పుకునే లెక్చరర్‌గానే ఉన్నారు. ఎందుకలా ఉండిపోయారో నాకు తెలుసు. పోయినవారిని ఎక్కువ చేసి చెప్పడం నాకు గిట్టదు, తక్కువ చేసి చెప్పడమూ గిట్టదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇది డెబ్బైల చివరి మాట. నేనప్పుడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఒక ఊళ్లో, ఏడో తరగతి దాకా ఉన్న బడిలో లెక్కల టీచరును. ఒక మధ్యాహ్నం గొడుగు, గుడ్డసంచీ పట్టుకుని ముప్పై ఏళ్ల మనిషి వరండాలోకి వచ్చి, యూనివర్సిటీలో లెక్చరర్‌నని, పరిశోధన చేస్తున్నానని చెప్పారు.

"ఏం సబ్జెక్టు?" అన్నాను.

"రోడ్లమ్మా."

"రోడ్లు వేయడమా?"

"కాదమ్మా. వేసిన రోడ్డు మీద జనం ఎట్ల పోతాండారో చూసేది."

"నిలబడి చూసేదానికి యూనివర్సిటీ జీతమిస్తుందా?"

"మా నాయన గూడా అదే అడుగుతాండాడు" అని నవ్వారు. ఆయన నాయన ప్యాపిలి దగ్గర సేద్యం చేసుకునే మనిషి. కొడుకు ఇంత చదివి రోడ్డు పక్కన కూర్చుంటాడని ఊళ్లో చెప్పుకోలేక సతమతమయ్యేవాడట.

ఆయనకు రోడ్డు మీద పోయే బండ్లను, మనుషులను తప్పు లేకుండా లెక్కపెట్టేవారు కావాలి. "ఈ ఊర్లో లెక్క తప్పని మనిషి ఎవరప్పా అంటే అందరూ మీ పేరే చెప్పినారు" అన్నారు. ఎన్నో ఊళ్లుండగా మా ఊరే ఎందుకని అడిగాను. "మీ మలుపు కోసం" అన్నారు. ఆ మాటతో నేను ఒప్పుకున్నాను.

కాలువ వంతెన దిగగానే, దక్షిణంగా వచ్చే రోడ్డు మా ఊరి దగ్గర ఒక్కసారిగా పడమటికి తిరుగుతుంది. ఆ మలుపులోనే బస్సు స్టాపు ఉండేది. అక్కడెందుకంటే దస్తగిరి టీ బంకు అక్కడుంది కనుక. డ్రైవర్లకు అతను టీ ఊరికే ఇచ్చేవాడు, వాళ్లు బస్సు అక్కడే ఆపేవాళ్లు. అంతకు ముందు ఏడాది, నా దగ్గర ఏడు పాసై ఆళ్లగడ్డ హైస్కూల్లో చేరిన రూతు అనే పిల్ల సాయంత్రం ఆ స్టాపులో బస్సు దిగింది. బస్సు వెనక నుంచి రోడ్డు దాటుతుంటే నంద్యాల వైపు నుంచి వచ్చిన లారీ కొట్టేసింది. డ్రైవరు తాగాడని కొందరన్నారు. పిల్లే చూసుకోలేదని కొందరన్నారు. రూతు చూసుకోకుండా అడుగేసే పిల్ల కాదు. మూడేళ్లు నా ముందు కూర్చున్న పిల్ల, నాకు తెలుసు.

ఇదంతా చెప్పి, "తప్పు ఎవరిదంటారు?" అని అడిగాను. ఆయన అన్నారు: "తప్పు చేసినోన్ని వెతికితే ఎవరో ఒకడు దొరుకుతాడమ్మా. తప్పు చేయించే చోటు వెతకల్ల. అది దొరికితే ఇంకొకరు చావరు." ఆ చోటు ఇదేనని లెక్కలతో చూపిస్తే, అధికారులు స్టాపును మలుపు అవతలికి మారుస్తారని ఆయన నమ్మకం. లెక్కలు లేకుండా వాళ్లు అర్జీలు తీసుకోవడం మానేసి చాలా కాలమైంది.

మూడు రోజులు సెలవు పెట్టి, గడులు గీసిన కాగితాలతో, మలుపుకు ఎదురుగా ఉన్న బడి గేటు దగ్గర కూర్చున్నాను. బస్సు, లారీ, ఎద్దుల బండి, సైకిలు, నడిచే మనిషి. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. ఆయన మాత్రం వంతెన దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని వేగాలు చూసేవారు. దస్తగిరి బంకులోంచి నన్ను ఆటపట్టించేవాడు.

"ఏం టీచరమ్మా, మా బర్రెలకు గూడా హాజరేస్తాండావా?"

"నీకంటే అవే టయానికి వస్తాయి దస్తగిరీ."

ఆ మూడు రోజుల్లో ఆయన అలవాట్లు చూశాను. రోడ్డు మీద ఎప్పుడూ కుడిపక్కనే, ఎదురుగా వచ్చే బండి కనబడేటట్టు నడిచేవారు. టీ గ్లాసు చేతికిస్తే కళ్లు రోడ్డు మీదే ఉండేవి, టీ చల్లారిపోయేది. దస్తగిరికి అది మహా కోపం. మరొకటి, మలుపు దగ్గర ఉన్నట్టుండి గొంతుక్కూర్చునేవారు. కాళ్లు నొప్పులేమో అనుకున్నాను. "కాదమ్మా, పన్నెండేళ్ల పిల్ల కంటికి ఇక్కణ్ణుంచి ఏం కనబడతాదో చూస్తాండా" అన్నారు. చూసి, బట్టల దుమ్ము దులుపుకుని, కాగితం మీద ఏదో రాసుకునేవారు.

కాగితాలు తీసుకుని వెళ్లిన రెండు వారాలకు మళ్లీ వచ్చారు. బడి వదిలేదాకా గేటు బయటే నిలబడ్డారు. సంచీలోంచి నా కాగితాలు తీసి ముందు పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"టీచరమ్మా, మీ ఊర్లో పొద్దున పోయినోళ్లు సాయంత్రం తిరిగి రారా?"

నాకు అర్థం కాలేదు. ఆయన వేలుపెట్టి చూపించారు. పొద్దున గడుల్లో బండ్లు, సైకిళ్లు, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. సాయంత్రం గడుల్లో లారీలు, బస్సులు తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. లారీలు పరాయివి కనుక వచ్చినదల్లా రాశాను. ఊరివాళ్లు ఒక్కొక్కరూ నాకు తెలుసు. పొద్దున పొలానికి పోయిన బండి సాయంత్రం తిరిగొస్తే, అదే బండి, అదే మనిషి, ఒకసారి రాశాను కదా అని వదిలేశాను. ఒకే పద్దు రెండుసార్లు రాయకూడదన్నది చిన్నప్పటి నుంచి నాకున్న క్రమశిక్షణ. లెక్క అంత శుద్ధంగా చేశాననుకుని, రోడ్డు మీద సగం మందిని లేకుండా చేశాను. రూతు కూడా పొద్దున వెళ్లిన పిల్లే. తిరిగి వచ్చేటప్పుడు పోయింది.

"తప్పు మీది గాదమ్మా. ఎవరు ఎన్నిసార్లు కనబడితే అన్నిసార్లు గీత గీయల్లని నేను చెప్పల్యా" అన్నారాయన.

"ఊరివాళ్లను రెట్టింపు చేస్తే సరిపోదా?" అన్నాను.

"మా ప్రొఫెసరు గూడా అదే అన్నాడు. ఈ వారంలోనే థీసిస్ ఇయ్యల్ల, రెండుతో గుణించి ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తాది అన్నాడు." కాగితాలు మళ్లీ సంచీలో పెట్టుకున్నారు. "పోయినోళ్లు అదే దోవన వస్తారని ఎవరు చెప్పినారు? ఏ టయానికి వస్తారో ఎవరు చూసినారు? రెట్టింపు చేస్తే అది నా మనసులో మాట అయితాది గాని రోడ్డు మీది మాట గాదు."

"మరి మీ పట్టా?"

"రోడ్డు యాడికీ పోదు, పట్టా యాడికీ పోదు."

పట్టా పోలేదు గాని, ఏడాది వెనకబడింది. ఆయనతోపాటు చేరినవారికి ఆ ఏడు పై ఉద్యోగాలు వచ్చాయి. ఆయనకు రాలేదు. తర్వాత కూడా ఆ ప్రొఫెసరు దయ ఆయన మీద పడలేదు. ఈ సంగతి ఆయన నోటితో నేను ఎన్నడూ వినలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన భార్య చెప్పింది.

మళ్లీ మూడు రోజులు కూర్చున్నాం. ఈసారి సాయంత్రాలు ఆయన కూడా నా పక్కనే. పొద్దు వంగుతుండగా జనం తిరిగి రావడం మొదలైంది. పొద్దున ఒక్కొక్కరుగా పోయినవాళ్లు సాయంత్రం గుంపులుగా వచ్చారు. పత్తి నింపిన బండ్లు, గడ్డిమోపుల ఆడవాళ్లు, బస్సు దిగే పిల్లలు, అందరూ ఒకే గంటలో, అదే మలుపులో. ఆయన చటుక్కున నా చేతిలో కాగితం తీసుకుని కొత్త గడి ఒకటి గీశారు. దాని పైన "చెయ్యి" అని రాశారు.

"చెయ్యేంది?"

"డ్రైవర్లను చూడండమ్మా."

చూశాను. వంతెన దిగి పడమటికి తిరిగిన ప్రతి డ్రైవరూ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎదురుగా పొద్దు. రోజూ అదే రోడ్డు మీద నడిచిన నేను ఆ చేతుల్ని ఎన్నడూ చూడలేదు. మూడు రోజుల్లో ఆ గడి నిండిపోయింది. రూతును కొట్టిన డ్రైవరు తాగాడో లేదో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం అతని కంటికి కనబడి ఉండదు.

రిపోర్టు తయారైంది. అడ్డుపడింది దస్తగిరి. ఊళ్లో సంతకాలు పెట్టిస్తుంటే బంకులోంచి దిగి వచ్చాడు.

"బస్సు ఆడ నిలిస్తే నేను ఈడ ఈగలు తోలుకోవల్లనా సారూ? నా ఇద్దరు పిల్లోళ్లకు నువ్వు పెడ్తావా కూడు?"

ఆయన వాదించలేదు. "రేపు సాయంత్రం నాతో బస్సులో రా దస్తగిరన్నా. ఒక్కసారి" అన్నారు. నంద్యాల వైపు, మాకు ముందొచ్చే ఊళ్లో ఎక్కించి, డ్రైవరు పక్కన బానెట్టు మీద కూర్చోబెట్టారు. వంతెన దిగాక బస్సు నేను నిలబడ్డ స్టాపులో ఆగింది. దస్తగిరి దిగి, తన బంకు ముందు నిలబడ్డ భార్యను ఎగాదిగా చూశాడు.

"ఎంత సేపట్నుంచి ఈడ నిలబడినావే?"

"నువ్వే గదా నిలబడమంటివి? అర్ధగంటయె."

"అబ్బా, నా బంకు నాకే కనపల్యా టీచరమ్మా! ఎర్రచీర కట్టుకోని మనిషి నిలబడినా కనపల్యా!"

ఆ తర్వాత పడిన మొదటి సంతకం అతనిదే.

రిపోర్టు కాపీ ఒకటి ఆయన నాకు పంపారు. ముందుమాటలో, మొదటి గణన తన సూచనల లోపం వల్ల పనికిరాకపోయిందని రాసుకున్నారు. నా పొరపాటు ఊసు ఎక్కడా లేదు. ఆ పేజీ చదివినప్పుడు, తప్పును తన పేరు మీద రాసుకునే మనిషిని మొదటిసారి చూశానని అనుకున్నాను. అప్పటి నుంచి బడిలో పిల్లల లెక్క తప్పితే, ముందు నేను ఎలా చెప్పానో అడుగుతూ వచ్చాను. ఇది ఆయన నాకు నేర్పిన విద్య.

ఎనభైలలో ఏటా తన విద్యార్థులను మా మలుపుకు తీసుకొచ్చేవారు. పాఠం చెప్పేవారు కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టేవారు. ఎండకు గొణిగే పిల్లలతో, "మీకు ఒక రోజు ఎండ. ఈళ్లకు దినామూ" అనేవారు. వాళ్లకు అన్నం మా ఇంట్లోనే.

రిపోర్టు ఇచ్చాక అధికారులు కదలడానికి ఏడాదిన్నర పట్టింది. చివరకు ఒక సాయంత్రం కొత్త స్టాపు బోర్డు పాతారు. రోడ్డు పడమర వదిలి మళ్లీ దక్షిణానికి తిరిగే చోట, పొద్దు డ్రైవరు కంట్లో పడని చోట. ఆ వార్త తెలిసి ఆయన యూనివర్సిటీ నుంచి వచ్చారు. దస్తగిరి అప్పటికే తోపుడుబండి తెచ్చుకుని, బొగ్గుల పొయ్యిని దాని మీదికెక్కించాడు. పొయ్యి ఆర్పమంటే వినలేదు. "ఆర్పితే మళ్లా రాజుకునేసరికి ఒక బస్సు పోతాది సారూ" అన్నాడు. పైన పాలగిన్నె ఉడుకుతూనే ఉంది. అతని భార్య సామాను మూట ఎత్తుకుంది. నేను గ్లాసుల బుట్ట పట్టుకున్నాను. లెక్చరర్ గారు బంకు ముందుండే పొడుగాటి బెంచీని నెత్తిన పెట్టుకున్నారు. రోడ్డుకు కుడిపక్కన ఒకరి వెనక ఒకరం బయల్దేరాం.

సగం దూరం పోయామో లేదో, నంద్యాల బస్సు వంతెన దిగింది. డ్రైవరు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాత స్టాపులో ఆపకుండా, అవతలి పక్క నుంచి మమ్మల్ని దాటిపోయాడు. కొత్త బోర్డు దగ్గర చెయ్యి దించి, బస్సు ఆపాడు. తలుపు తెరుచుకుంది. దస్తగిరి బండిని ఇంకా గట్టిగా తోశాడు. వెనక మెల్లగా వస్తున్న ఆయన మాత్రం నిలబడిపోయారు. పొద్దున పోయిన మా ఊరివాళ్లు ఒక్కొక్కరే బస్సు దిగుతున్నారు. ఆయన నెత్తిన బెంచీ అలాగే ఉంది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు.