సుల్తానా శుక్రవారాలు

2018 ఎండాకాలం. జమ్మలమడుగు పశువుల ఆసుపత్రి. అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. నా ఉద్యోగం పేరు లైవ్‌స్టాక్ అసిస్టెంటు. డాక్టరు రాసిన మందు వేసేవాడు, సూది పొడిచేవాడు, కట్టు కట్టేవాడు అని అర్థం. ఊరికి మాత్రం నేను కాంపౌండరు సుబ్బరాయుణ్ణి. నా సర్వీసులో నా చేతుల మీదుగా వెయ్యి గుర్రాలు బాగుపడ్డాయి. సరే, వెయ్యి కాదు, మూడు. అందులో ఒకటి గాడిద. మిగిలిన కాలమంతా బర్రెలతో, గొర్రెలతో గడిచింది.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు పొద్దున్నే బాషా ఒక పోనీని, అంటే పొట్టి గుర్రాన్ని, నడిపించుకొచ్చాడు. అతను పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి, ఇక పోనని ఇల్లు చేరినవాడు. గండికోట చూడటానికి వచ్చే పిల్లలను ఎక్కించి తిప్పుదామని లింగాల వైపు ఒక రైతు దగ్గర ఆ ఆడగుర్రాన్ని కొన్నాడు. పేరు సుల్తానా. రాజసం పేరులోనే ఉంది. పక్కటెముకలు వీధి చివర నుంచే లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకకు చొక్కా తగిలించొచ్చు.

"చలికాలానికి ఇది నిలబడాల మామా. అప్పుడే గదా గండికోటకు జనం వచ్చేది. నిలబడకపోతే నేను మళ్ళా కువైట్ పోవాల్సిందే. పాస్‌పోర్టు ఇంకా బీరువాలో పైఅరలోనే పెట్టినా" అన్నాడు.

"పదైదు దినాల్లో ఏనుగును చేసి ఇస్తా పో" అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు.

ఆ నెలల్లో మాకూ పులివెందులకూ ఒకరే డాక్టరమ్మ. చిన్న వయసు, పెద్ద ఓపిక. బాషా గుర్రాన్ని వదిలి వెళ్లాక ఆమె వచ్చి చూసింది. పళ్ల అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గలను కోస్తుంటే ఆకురాయితో రాకింది. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించింది. ఒంటి మీద చెయ్యి వేసి తడిమి, ఎంత కండ, ఎంత కొవ్వు ఉందో మార్కు వేసింది. దాన్ని కండిషన్ స్కోరు అంటారు. తొమ్మిదికి రెండు వచ్చాయి.

"గుర్రం కడుపు బర్రె కడుపు కాదు సుబ్బరాయుడు గారూ. దానికి నెమరు లేదు, వాంతీ రాదు. ఎక్కువైతే లోపలే ఉండి చంపుతుంది" అని హెచ్చరించింది.

అందుకని మొదటి వారం దాణా ఊసే లేదు. ఎండుగడ్డి, నరికిన జొన్న సొప్ప, ఉప్పు, ఎప్పుడూ నిండుగా నీళ్లు. ఆ తర్వాత దాణా గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచాలి. అదీ రోజుకు నాలుగు పూటలుగా పంచి. వారానికోసారి వెయిట్ టేపు, అంటే ఛాతీ చుట్టూ కొలిస్తే బరువు తెలిపే పట్టీ, వేసి చూడాలి. మరుసటి రోజు ఈ మాటలన్నీ బాషాకు నా ముప్పై ఏళ్ల అనుభవంగా అప్పజెప్పాను. అతను చేతులు కట్టుకుని విని, గుర్రాన్ని ఇంటికి నడిపించుకెళ్లాడు.

రెండు వారాలు అంతా సవ్యంగా నడిచింది. టేపు మీద గుర్తు వేలెడు జరిగింది. మూడో వారం శుక్రవారం పొద్దున బాషా పరిగెత్తుకుంటూ వచ్చాడు. సుల్తానా మేత ముట్టలేదు, పొట్ట బిగిసింది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది. కోలిక్, అంటే గుర్రాలకు వచ్చే ప్రమాదకరమైన కడుపునొప్పి. డాక్టరమ్మను ఫోనులో అడిగి సూది వేశాను. సాయంత్రానికి తేరుకుంది. ఆదివారానికి మళ్లీ ఆకలితో గాడి నాకింది. పై శుక్రవారం మళ్లీ అదే నొప్పి.

నాకు బుర్ర తిరిగిపోయింది. నీళ్లు మార్పించాను. సొప్పకు బూజు పట్టిందేమోనని మోపు మొత్తం విప్పి వాసన చూశాను. వారంలో ఆరు రోజులు ఒప్పుకున్న కడుపు ఏడో రోజు ఎందుకు ఎదురు తిరుగుతుంది? సైన్సు మనిషినని చెప్పుకునే నేను దాని మెడకు నల్లదారం కూడా కట్టించాను. చివరికి ఏమీ పాలుపోక బాషా మీద పడ్డాను.

"నువ్వే తొందరపడి దొంగగా ఏదో పెడతాండావు" అన్నాను.

"అమ్మ మీద ఒట్టు మామా, నువ్వు చెప్పింది తప్ప గడ్డిపోస పెట్టలే" అన్నాడు. అతని ముఖం చిన్నబోయింది. నేను నమ్మలేదు.

ఆ మరుసటి శుక్రవారం సుల్తానా నేల మీద పడి పొర్లింది. డాక్టరమ్మ పులివెందుల నుంచి వచ్చి, ముక్కులోంచి ట్యూబు వేసి కడుపు ఖాళీ చేసింది. మధ్యాహ్నం దాకా బతుకుతుందో లేదో చెప్పలేకపోయాం. బాషా గోడకు ఆనుకుని, కువైట్ పంపే ఏజెంటుకు ఫోన్ చేస్తానని ఒక్క మాటే అన్నాడు. చివరికి గుర్రం లేచి లద్ది వేసింది. డాక్టరమ్మ ఆ లద్దిని బకెట్టు నీళ్లలో కలిపి వడగట్టమంది. అడుగున శెనగలు మిగిలాయి. ఇంట్లో శెనగలే లేవంటాడు బాషా. అతను అబద్ధమాడటం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. మరి అవి ఎక్కడివి?

పై గురువారం సాయంత్రం, నొప్పికి ముందురోజు అది ఏం తింటోందో చూద్దామని, బాషా ఇంటి పక్కనున్న దర్గాకు ఎదురుగా కూర్చున్నాను. ఎండ తగలకుండా అతను గుర్రాన్ని ఆ దర్గా గోడ నీడన కట్టేవాడు. బాషా నమాజుకు వెళ్లాడు. గురువారం కదా, దర్గాకు జనం వస్తున్నారు. సమాధి మీద చాదరు కప్పి బయటికి వచ్చినవాళ్లు సుల్తానా దగ్గర ఆగుతున్నారు. ఒక ఆటో డ్రైవరు, ఒక పూలామె, ఒక కుటుంబం. గుప్పెడు నానబెట్టిన శెనగలు, ఒక బెల్లం ముక్క. ముప్పై గుప్పెళ్ల దాకా లెక్కపెట్టి లేచాను. అప్పటికి ఒక ముసలామె కవరు విప్పుతోంది.

"ఎందుకు పెడతాండావమ్మా?" అని అడిగాను.

"ఆస్పత్రిలో కాంపౌండరు చెప్పినాడంట గదప్పా, శెనగలు పెడితేనే ఇది బతుకుతాదని. మా బాషా మళ్ళా కువైట్ పోకూడదని మొక్కుకున్నా. మొక్కు గదా, వానికి చెప్పకూడదు."

ఆ కాంపౌండరును నేనే. నిజమే, చెప్పాను. టీ అంగట్లో, సుల్తానా వచ్చిన రోజునే. గుర్రానికి బలమేందప్పా అని ఎవరో అడిగారు. నలుగురు వింటున్నారు. నానిన శెనగలు, బెల్లం పెడితే చచ్చిన గుర్రమైనా లేచి ప్రొద్దుటూరు దాకా పరిగెత్తుతుందని కోతలు కోశాను. ఆ మాట చెవులు మారుతూ దర్గా చేరడానికి రెండు వారాలు పట్టింది. మొదటి రెండు వారాలు గుర్రం బాగుండటానికి కారణం అదే.

గుర్రాన్ని అక్కడి నుంచి విప్పి తీసుకెళ్లి, డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. మొక్కును ఆపితే జనం బాధపడతారు, మొక్కే వస్తువును మారుద్దామంది. ఆ వారం నుంచి దర్గాకు వచ్చేవాళ్లు శెనగలకు బదులు పిడికెడు గరిక తెచ్చారు. దాన్ని గుర్రానికి అందించకుండా గోనెసంచిలో వేసి వెళ్లేవారు. బాషా అది కొంచెం కొంచెంగా సొప్పతో కలిపి పెట్టేవాడు. చలికాలానికి సుల్తానా పక్కటెముకలు కంటికి కనబడటం మానేసి, చేత్తో నొక్కితేనే తగిలాయి. కండిషన్ స్కోరు ఐదు. బాషా గండికోటలో పిల్లలను తిప్పాడు. కువైట్ పోలేదు.

అతనికి మాత్రం, జనం తెలియక పెట్టారని చెప్పి ఊరుకున్నాను. ఎవరి మాట విని పెట్టారో చెప్పలేదు. దొంగగా పెడుతున్నావని అన్నందుకు క్షమాపణ కూడా అడగలేదు. పోయిన ఏడాది ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి అతను సుల్తానాను పెళ్లికొడుకు సవారీకి తెచ్చాడు. దాని మెడ నిమురుతూ అప్పుడు మొత్తం ఒప్పుకున్నాను.

బాషా జీను పట్టీ బిగిస్తూ అన్నాడు. "కాంపౌండరు మాట విని శెనగలు పెట్టినానని మా అమ్మ ఆ పొద్దే చెప్పింది మామా. దర్గా కాడ తనతో మాట్లాడినోడే ఆ కాంపౌండరని ఆమెకు తర్వాత తెల్సింది. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తాండా."

శెనగలు పెట్టిన ఆ ముసలామె అతని తల్లి. అతను ఒట్టు వేసింది ఆమె మీదే.

ఇప్పుడు టీ అంగట్లో ఎవరైనా పశువు గురించి అడిగితే డాక్టరమ్మ నంబరు ఇచ్చి ఊరుకుంటాను. వెయ్యి గుర్రాల సంగతి అడిగితే మాత్రం చెబుతాను. వెంటనే మూడు అని కూడా చెబుతాను.