ముందు తలుపు తియ్యని ఇల్లు

పొద్దున్న ఆరున్నరకు బరంపురంలో దిగపహండి మోటారు బస్సెక్కాం: పద్నాలుగు మంది ప్రయాణికులు, మూడు ఉప్పు బస్తాలు, ఒక కోళ్ల గంప, రేకు గొట్టంలో నేను గీసిన ప్రార్థన మందిరం ప్లాను. బస్సు కదిలింది ఎనిమిదింటికి. ఛార్జీ ఏడణాలు, మోకాళ్లు పెట్టుకునే చోటు లేదు.

దిగపహండిలో రూతమ్మ అనే మెథడిస్టు బోధకురాలు ఆరేళ్లుగా తన ఇంట్లోనే ప్రార్థన కూటం నడుపుతోంది. ఆమె స్థలమిస్తే మందిరం అక్కడ కడతారు. సాయంత్రంలోగా ఆమె సంతకం తేకపోతే అది వేరే ఊరికి పోతుందని పాదిరిగారు చెప్పి పంపారు.

పక్కన కూర్చున్న బట్టల వర్తకుడు నా పని విని నవ్వాడు. "తలుపు కొట్టకు బాబూ, తియ్యదు," అన్నాడు. ఎందుకో చెప్పకుండానే నిద్రపోయాడు.

పదకొండుకు దిగాను. గంటన్నర తలుపు కొట్టాను. పక్కింటివాళ్లు సంతకు పొమ్మన్నారు. సంతలో అడిగితే ఇంట్లోనే ఉంటుందన్నారు. అటుకులు, బెల్లం తిని మళ్లీ వచ్చేసరికి రెండు. ఇంటి వెనక రోకళ్ల చప్పుడు వింటూనే ఉన్నాను. అది పక్కింటిదనుకోవడం నా తెలివి. విసుగెత్తి సందులోంచి పెరట్లోకి వెళ్లాను.

నాలుగు రోళ్లు, చుట్టూ ఆడవాళ్లు వడ్లు దంచుతున్నారు. దంపు లయలో రూతమ్మ బైబిలు వాక్యం చెబుతోంది, వాళ్లు తిరిగి చెబుతున్నారు. ముందు తలుపు కొట్టేది పోలీసులూ, జప్తుకొచ్చే కోర్టు అమీనులేనట, అందుకే తియ్యదు.

ప్లాను పరిచాను. ఆమె వేలితో గోడలన్నీ తడిమింది.

"రోళ్లేవి బాబూ? యెనక తలుపేదీ?"

మందిరంలో రోళ్లుండవని చెప్పాను.

"దంపుకెల్తానంటేనే అత్తలు కదలనిస్తారు. నలుగురూ సూస్తుండగా ముందు గుమ్మంలోంచి ఏ కోడలొస్తాది? నాను సంతకం ఎట్టను."

ప్లాను మంజూరైందనీ, మార్చే అధికారం నాకు లేదనీ రెండుసార్లు వివరించాను. రోకలి ఆపకుండా ఒకామె అంది: "గోడలన్నీ గీసినోడికి తలుపు గియ్యడం రాదేటే?"

నవ్వులు ఆగాక పెన్సిల్ తీశాను. తూర్పు గోడకు మూడడుగుల తలుపు, దాని బయట పన్నెండడుగుల దంపుడు సాల గీశాను. రూతమ్మ సంతకం పెట్టింది.

తిరుగు బస్సు రెండుచోట్ల ఆగిపోయింది. పాదిరిగారు కోప్పడతారని దారంతా సణుక్కున్నాను. ఈ చుట్టుపక్కల కూటాలు పాదిరుల ఉపన్యాసాలతో మొదలయ్యాయని నివేదికల్లో చదివాను. కానీ పొలసర ఊళ్లో కూటం ఆ పెరట్లో దంచి వెళ్లిన ఒక కోడలు పెట్టిందేనని రూతమ్మ చెప్పింది. నా నివేదికలో అదే రాసి, కింద ఆ రోజు హాజరు వేశాను: స్త్రీలు పంతొమ్మిది, పురుషులు లేరు.