చాపిన అరచెయ్యి

రాజోల్లో కరుణమ్మ టీచరుగారి వేళ్ల నిండా పాలపళ్ల గాట్లే. నేవీలో పనిచేసే తమ్ముడు విశాఖ నుంచి తెచ్చిచ్చిన లాబ్రడార్ కుక్కపిల్ల రూబీ, ఇంట్లో చెప్పుల్నీ చీపుర్నీ కూడా వదిలేది కాదు. ఆవిడ మాత్రం బెత్తం ఎత్తేవారు కాదు. నేల మీద చతికిలబడి, అరచెయ్యి చాపి, "ఇచ్చెయ్యమ్మా" అని అడిగేవారు. అది ఇచ్చేదాకా అలాగే కూర్చుని, ఇచ్చాక కొబ్బరిముక్క పెట్టేవారు. "లాక్కుంటే దాచుకోడం నేర్చుకుంటాదండీ, అడగాలి" అనేవారు. వీధిలోవాళ్లు నవ్వుకునేవారు.

ఒకనాడు రూబీ కాలవగట్టు ఎక్కి, నోరు బిగించుకుని ఇంటికొచ్చింది. పెదాల మధ్య పచ్చటి నూగు కనిపిస్తోంది. "నా బాతుపిల్లని నమిలేసిందండీ!" అంటూ పక్కింటి నూకరాజు కర్ర ఎత్తాడు. టీచరుగారు అడ్డంగా చతికిలబడి అరచెయ్యి చాపారు. "ఇచ్చెయ్యమ్మా." రూబీ తల వంచి నోరు తెరిచింది. తడిసిన బాతుపిల్ల ఆ అరచేతిలో లేచి నిలబడి, ఒళ్లు విదిలించుకుంది. దాని ఒంటిమీద ఒక్క గాటు లేదు.

నూకరాజు చేతిలో కర్ర ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలీదు. చర్చిలో మాట్లాడినంత మెల్లగా అడిగాడు:

"కొబ్బరిముక్క నేను పెట్టొచ్చాండీ?"