అమాస నాడు ఆగని పెట్టె

మా బిడ్డ పోయింది. జ్వరమని తన కాళ్ల మీద నడిచి గద్వాల దవాఖానకు వెళ్లిన పిల్లను, వాళ్లు కర్నూలుకు పంపితే, నాలుగో రోజు అక్కడి నుంచి మోసుకొచ్చారు. నేటికి ఇరవై రెండు రోజులు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మన్నించండి.

మేము చీరలు నేస్తాం. చీరలు కావాలని మెయిల్ రాసే వాళ్లకు బదులు రాసేది బిడ్డే. మగ్గం గదిలో అల్మారా మీద ఒక పాత కంప్యూటర్ పెట్టి, మా మెయిళ్లన్నిటికీ అదే సర్వర్ అంది. నాకది పెట్టె.

మొదట్లో మేము పంపినవన్నీ అవతలి వాళ్ల స్పామ్‌లో పడేవి.

"మన పేరు మీద మెయిల్ పంపేది ఈ సర్వరే అని అందరు చూసేటట్టు రాసిపెట్టాలె. నేను రాయలే, అందుకే," అంది.

నేను తెల్లమొహం వేశాను.

"ఎవరో పేరు చెప్పకుండ తలుపు కొడితే తీస్తవానే?"

"నేనెందుకు తీస్త?"

"వాళ్లు గూడ గంతే!"

అది సరిచేయడానికి వారం పట్టింది. మెయిల్ పోతోందో లేదో చూడటానికి నా ఫోన్‌కే రాసేది: 'అమ్మా, తిన్నవా?' నేను మగ్గం మీద నుంచే "తిన్న!" అని అరిచేదాన్ని. బువ్వ తినడం మరిచింది తనే.

అమాస నాడు మేము మగ్గం ముట్టం. ఒక అమాస పొద్దున, ఇది కూడా పాపం రోజంతా పనిచేస్తోంది కదా అని, పెట్టె స్విచ్ ఆపి కుంకుమ బొట్టు పెట్టాను. సాయంత్రం బిడ్డ చూసి నెత్తి పట్టుకుంది.

"అమాస మగ్గానికే, దీనికి లేదే తల్లీ!"

"మెయిళ్లన్నీ పోయినయా బిడ్డా?"

"పోవు. మనం తలుపు తీయకుంటే అవతలి సర్వర్ జరసేపు ఆగి మళ్ల కొడుతది. రెండు మూడు దినాలు చూస్తది. పరేషాన్ కాకు."

ఆ బొట్టు మాత్రం తుడవలేదు.

బిడ్డ దినాలయ్యాక మా చెల్లెలి కొడుకు వనపర్తి నుంచి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. ఇకమీద మెయిళ్లు తనే చూస్తానన్నాడు.

"పెద్దమ్మా, అక్క పేరు మీదున్న మెయిల్ తీసేస్తున్న. ఎవరన్న దానికి రాస్తే వాపసు పోతది."

"ఏమని పోతది?"

వాడు తల వంచుకున్నాడు. "గా పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరని."

పరామర్శకు వచ్చిన ఏ చుట్టానికీ నా నోటితో చెప్పలేకపోయిన మాట అది. పెట్టె ఊరూరికీ చెబుతుందట.

"గట్ల చెప్పియ్యకు నాయనా. నీకు దండం పెడ్త."

వాడు కళ్లు తుడుచుకుని చాలాసేపు ఏదో కొట్టాడు.

"అక్కకు వచ్చేటివి నీ ఫోన్‌కు వచ్చేటట్టు పెట్టిన. ఒక్కటి గూడ వాపసు పోదు."

నిన్న ఒకటి వచ్చింది. కూడబలుక్కుని చదివాను. 'మీరు పంపిన చీర మా అమ్మకు బాగా నచ్చింది. మీరు ఎలా ఉన్నారు?' ఇంకా బదులు రాయలేదు.

ఈరోజు అమాస. మగ్గం మీద గుడ్డ కప్పి పక్కనే కూర్చున్నాను. అల్మారా మీద, ఆ పాత బొట్టు పక్కన, చిన్న పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది.