ఆమె అన్నదొకటి, నేను చెప్పిందొకటి

నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మారిషస్‌లో చదువుకున్న సిల్వీ నిరుడు మా స్కూల్లో ఫ్రెంచి టీచరుగా చేరింది. ఆమెకు ఇక్కడి పద్ధతులు అలవాటు చేసే పని ప్రిన్సిపాల్ నాకు అప్పగించారు. ఇరవయ్యేళ్ళుగా పిల్లల మీద అరిచి అలసిపోయిన నాకు అదొక అదనపు బరువు.

తల్లిదండ్రుల సమావేశం రోజు పొద్దుటినుంచీ ఆమె ఇంగ్లీషును తెలుగులో చెబుతూనే ఉన్నాను. ఆఖరున చెవిటికల్లు నుంచి ఒక రైతు, ఎనిమిదో తరగతి కూతురు మేరీతో వచ్చాడు.

"మా పిల్ల ఎలా చదువుతుందండీ?"

"తెలివైన పిల్ల. టీచర్లు అరుస్తారన్న భయంతో నోరు తెరవదు," అంది సిల్వీ ఇంగ్లీషులో.

"శ్రద్ధ తక్కువండి, ఇంట్లో గట్టిగా చెప్పండి," అన్నాను నేను. పొద్దుటినుంచీ అందరికీ అదే చెబుతున్నాను.

"టీచర్ అలా అనలేదు నాన్నా," అంది మేరీ. ఆ పిల్ల గొంతు సరిగ్గా వినడం అదే మొదలు. "భయమేసి మాట్లాడట్లేదన్నారు."

"అవునా మేడం?" అన్నాడు రైతు నా వైపు తిరిగి.

తల కొట్టేసినట్టయింది. "అవునండి. అరిచేది నేనే," అన్నాను.

అలసటతో ఒక పిల్ల మీద అబద్ధం చెప్పానన్న సిగ్గు ఇంకా పోలేదు. ఇప్పుడు ఖాళీ పీరియడ్‌లో, సిల్వీ అరవకుండా ఎలా చెబుతుందో చూడ్డానికి ఆమె క్లాసుకు వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటున్నాను.