తారు రోడ్డు మీద మిరపకాయలు

ఆ రోజుల్లో మా ఊరికి ప్రగతి రావాలంటే కాలినడకనే రావాలి. జూలూరుపాడు దాటి అడవి అంచుకు వచ్చేసరికి మిగిలేది మట్టిదారి, వానాకాలం అదీ వాగు పాలే. అలాంటిది నేను ఇంటర్ చదువుతుండగా తారు రోడ్డు పడింది, దాని వెనకే బస్సు వచ్చింది. నల్లగా, నున్నగా మెరిసే ఆ రోడ్డును చూసి ఊరంతా మురిసిపోయింది. మిరపకాయలు ఆరబెట్టడానికి అంతకు మించిన కళ్లం ఎక్కడ దొరుకుతుంది మరి! (ప్రయాణాల సంగతి తర్వాత.)

పరీక్షల మొదటి రోజు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరన్న నిబంధన నన్ను కలలో కూడా తరిమింది. (ఇప్పుడు మా పాప స్కూల్ బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, నేను ఫోన్ పట్టుకుని వాకిట్లో తిరుగుతాను. ఆ రోగం అప్పుడే అంటుకుందని మా ఆయన నిర్ధారణ.) బస్సెక్కి ఊపిరి పీల్చుకునేలోపే ఊరి చివర మలుపులో అది ఆగిపోయింది. ముందు రోడ్డంతా ఎర్రగా మిరపకాయలు. ఎడమ సగం మా నానమ్మవి, కుడి సగం ఎదురింటి అవ్వవి. బస్సుకు అవతలి మనిషి దారి వదులుతుందిలే అని ఎవరికి వారు నింపేశారు.

"అవ్వా, ఏదో ఒక పక్క తియ్యుండ్రి, జల్దీ!" అన్నాడు డ్రైవర్.

"ఆమెను తియ్యమను. నేను ముందుగాల పోసిన," అంది నానమ్మ.

"ఏంది వదినె, రోడ్డు మీ అయ్య ఏసిండా?" అంది అవ్వ.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "నానమ్మా! పరీక్ష! గేటు మూస్తరు!"

"నువ్వు గీ బస్సులనే ఉన్నవా? చెప్పవేందే!" అంది గానీ నడుము వంచలేదు, అవ్వ వైపే చూసింది. అవ్వకు అంత చాలు. "చూసిండ్రా! మనవరాలి సదువు కన్న మిరపకాయలే ఎక్కువైనయి. పిల్ల కోసం నేనే తీస్త," అని చీపురు అందుకుంది.

"నా మనవరాలికి నువ్వు దారిచ్చుడేంది!" అని నానమ్మ ఇంకో చీపురు అందుకుంది. అసలు ఒక పక్క తీస్తే సరిపోయేది. ఇద్దరూ పందెం కట్టినట్టు రెండు పక్కలా ఊడ్చేశారు. ఎండు మిరప ఘాటు ఒక్కసారిగా లేచి కిటికీల్లోంచి లోపలికొచ్చింది. డ్రైవర్ తుమ్మాడు. కండక్టర్ విజిల్ వేయబోయి తుమ్మాడు. జూలూరుపాడు దాకా బస్సంతా తుమ్ములే, హారన్‌తో పనే పడలేదు.

బస్సులో ఉన్న పరీక్ష పిల్లలందరం అక్కడి కాలేజీ గేటు దగ్గరికి పరుగెత్తేసరికి వాచ్‌మన్ అప్పుడే తలుపు లాగుతున్నాడు. ఎర్రటి కళ్లతో, బొటబొటా కారే నీళ్లతో వచ్చిన మా గుంపును చూసి కరిగిపోయాడు. "ఏడ్వకుండ్రి బిడ్డా, ఇంక బెల్లు కొట్టలే. పరీక్షకు గింత భయమా?" అన్నాడు. భయం కాదని చెప్పబోయి అందరం కలిసి తుమ్మాం.

లోపల ప్రశ్నపత్రంలో వ్యాసం: స్వాతంత్ర్యానంతరం గ్రామాల ప్రగతి. బట్టీ పట్టిన ప్రణాళికలు, ప్రాజెక్టులు అన్నీ తుమ్ములో కొట్టుకుపోయాయి. ఇక కళ్లు తుడుచుకుని ఇలా రాశాను: "మా ఊరికి రోడ్డు వచ్చింది. అందుకే నేను ఇక్కడ కూర్చుని రాయగలుగుతున్నాను. మిరపకాయలు కూడా తొందరగా ఎండుతున్నాయి. కావున మన దేశం ముందుకు పోతున్నది."

దానికి ఎన్ని మార్కులు వేశారో గానీ, పాసయ్యాను. ఇప్పుడు దేశం గురించి నాలుగు ముక్కలు రాయమంటే "అయితే", "కానీ" అనకుండా ఒక్క వాక్యం నడపలేను. ముక్కు తుడుచుకుంటూనే అంత ధీమాగా తేల్చేసిన ఆ పిల్లను తలచుకుని, పక్కన నిద్రపోతున్న పాప లేవకుండా నోటికి దిండు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నాను.