మావయ్య ప్రార్థన, చల్లారిన పక్కటెముకలు

ఒక చలికాలంలో మా మావయ్య బందరు నుంచి నాగాయలంక దాకా ఉన్న మిలిటరీ హోటళ్ళన్నింటినీ ఫెయిల్ చేశాడు. ఆయన పామిడిముక్కల దగ్గర పల్లెలో మిషను బడి హెడ్మాస్టరు, పైగా చర్చిలో సంఘపెద్ద. ఫెయిల్ చెయ్యడం ఆయనకు వృత్తిరీత్యా అబ్బిన విద్య. నేను అప్పటికి బి.ఏ. ముగించి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందన్న ధీమాతో వాళ్ళింట్లో మకాం వేసి ఉన్నాను.

గొడవంతా పొట్టేలు పక్కటెముకలతో వచ్చింది. అంతకు ముందు ఏడు మావయ్య చర్చి వాళ్ళ ఉజ్జీవ ప్రార్థన కూటాలకని బందరు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఒక హోటల్లో తుమ్మబొగ్గుల మీద కాల్చిన పక్కటెముకలు తిన్నాడు. అది మొదలు ఇంట్లో ఏ మాంసమూ ఆయనకు ఆనలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి బందరు వైపు చూసేవాడు. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి ఆయన మొహం వంక చూసేది. కాసేపటికి “తినొచ్చు” అనేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చేతివంటకు దక్కిన అతి పెద్ద బిరుదు అదే.

ఆ ఏడు క్రిస్మస్ విందుకి సంఘపెద్దలంతా వాళ్ళింటికే రావాలి. మావయ్య నెల ముందే ప్రకటించాడు, ఎక్కడ పక్కటెముకలు బాగుంటే అక్కడి వంటవాణ్ణి పండక్కి తీసుకొస్తానని. అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచింది.

“నువ్వూ వెళ్ళరా ఆయనతో. వాళ్ళు ఏం వేస్తున్నారో, ఎట్టా కాలుస్తున్నారో చూసిరా. పండగ పూట నా పొయ్యి ముందు ఇంకోడు కూర్చుంటే, వచ్చిన ఆడవాళ్ళకి నేను మొహం ఎట్టా చూపించను?”

“నాకు వంటేం తెలుసత్తయ్యా?”

“తినటం తెలుసుగా. వచ్చిన కాణ్ణించీ చూస్తానే ఉన్నా.”

ముందు బందరు వెళ్ళాం. అదే హోటలు, అదే బల్ల. పళ్ళేలు వచ్చాయి. ఎముకల అంచుల్లో కొవ్వు ఇంకా చిటపటలాడుతోంది. ఆ వాసనకి వీధిలో పోతున్న జట్కా గుర్రం కూడా ఆగి, శాకాహారిగా పుట్టినందుకు నిట్టూర్చింది. నేను చెయ్యి చాచాను. మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

మా ఇళ్ళల్లో ప్రార్థన కాందే ముద్ద ఎత్తరు. మామూలు వాళ్ళకి అది నాలుగు మాటలు. మావయ్యది సృష్టి దగ్గర మొదలవుతుంది. మిషనరీల ఓడని రేవులో దింపి, బడి కప్పు పెంకుల మీదుగా రోగుల దగ్గరికొచ్చి, ఒక్కొక్కరినీ రోగంతో సహా ప్రభువుకి అప్పగిస్తుంది. ఆ రోజు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే దూరపు చుట్టం మోకాలి నొప్పి దగ్గర చాలాసేపు ఆగింది. ఈలోగా మేం దిగిన బస్సు గుడివాడ వెళ్ళి తిరిగొచ్చింది. దాని కండక్టరు మా వెనక బల్ల మీద భోంచేసి, ఆకు వక్క కూడా వేసుకుని వెళ్ళిపోయాడు. ఇది కళ్ళారా చూసి చెబుతున్నాను. కళ్ళు మూసుకున్నది ఆయన, నేను కాదు.

ఆమెన్ అనేసరికి కొవ్వంతా తెల్లగా పేరుకుపోయింది. ఒత్తి పెట్టి వెలిగిస్తే పండక్కి పనికొచ్చేది. మావయ్య ఒక ఎముక కొరికి పక్కన పెట్టాడు.

“వంటవాణ్ణి మార్చారు,” అన్నాడు హోటలాయనతో.

“లేదండీ. అదే మనిషి. మా బావే.”

“అయితే పొట్టేలు మారింది.”

“అది రోజూ మారుద్దండీ. ఒక్కదాన్నే ఎన్నాళ్ళని కొయ్యగలం?”

తర్వాత గుడివాడ. అక్కడ వడ్డించేవాడు అనుభవం ఉన్నవాడు. సగం ప్రార్థనలో వంగి, “అయ్యగారూ, కాస్త తొందరగా కానివ్వండి, కొవ్వు గడ్డకడతంది” అన్నాడు. మావయ్య ఒక కన్ను తెరిచి వాణ్ణి చూసి, మళ్ళీ మూసి, వాడి ఆత్మ రక్షణ కోసం ఇంకొంచెం పొడిగించాడు. చివరికి ఆ హోటలూ తప్పింది. ఉలవచారుకి మాత్రం పాసు మార్కులు వేశాడు. దాన్ని వాళ్ళు ఆమెన్ తర్వాత తెచ్చిపోశారు.

ఆఖరికి పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్ళాం. నాగాయలంకలో ఒక పెద్దావిడ తాటాకు పాకలో హోటలు నడుపుతోంది. సముద్రపు గాలి పాకలో ఈ వైపు నుంచి ఆ వైపుకి పోతోంది. మావయ్య రోగుల దాకా కూడా రాకముందే పక్కటెముకలు గట్టిపడ్డాయి. పెద్దావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఎట్టకేలకు ఆయన రుచి చూసి తల అడ్డంగా ఊపేసరికి, “ఇంతకీ తమరికి నచ్చినవి ఎట్టా ఉంటాయండీ?” అంది.

మావయ్య కళ్ళు చెమర్చాయి. “ఆ రోజు కూటాల్లో ప్రార్థించి ప్రార్థించి నా గొంతు పూర్తిగా పోయిందమ్మా. మాట పెగల్లేదు. ప్రభువా నీకు తెలుసు అని మనసులో అనుకుని తినేశాను. ఎముక నుంచి కండ అట్టా జారి వచ్చింది. ఆ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు.”

పెద్దావిడ నా వంక చూసింది. నేను పాక కప్పు వంక చూశాను.

“అయితే తమరికి ఇంకోసారి గొంతు పోవాలండీ,” అంది ఆవిడ చాలా మర్యాదగా.

ఇంటికొచ్చి ఇదంతా అత్తయ్యకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపి, “అంటే ఇన్నేళ్ళూ నా వంటా అట్టాగే చల్లారిందన్నమాట” అంది. మళ్ళీ ఏరుకుంది.

వంటవాళ్ళంతా తప్పారు కాబట్టి మావయ్య, త్యాగం చేస్తున్నవాడిలా, “ఈసారికి నువ్వే కానియ్యి” అన్నాడు.

పండగనాడు ఆరాధన అయ్యాక పెద్దలొచ్చి బారుగా కూర్చున్నారు. అన్నం, ముద్దపప్పు, గోంగూర వడ్డించారు. మావయ్య కళ్ళు మూసుకుని సృష్టి మొదలుపెట్టాడు. పెద్దలకి ఆకలి ఎక్కువై, మధ్యలో చాలాసార్లు ఆశగా ఆమెన్ అన్నారు. ఆయన లొంగలేదు. తీరా ముగించి కళ్ళు తెరిస్తే, ఏ పళ్ళెంలోనూ మాంసం లేదు.

“ఏదీ?” అన్నాడు.

“మీ ఆమెన్ కోసం కుంపటి మీద కాసుకుని ఉందండీ,” అంది అత్తయ్య.

“లేనిదానికి ప్రార్థన చేయించావా?”

“కనపడనివాడికే కదండీ రోజూ చేస్తున్నారు. కూర కనపడకపోతే ఏం?”

మావయ్య ఏదో అనబోయేలోగా అత్తయ్య పట్టకారుతో పక్కటెముకలు తీసుకొచ్చి, సెగలు కక్కుతుండగా వేసుకుంటూ పోయింది. ఆ తర్వాత కాసేపు ఆ ఇంట్లో ఎముకలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. మావయ్య కిటికీ వంక చూడలేదు. వేళ్ళు నాకి, ఎముక పిప్పి చేసి, అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు.

“బాగుంది. బందరు దీని ముందు దిగదుడుపు,” అన్నాడు.

అత్తయ్య పట్టకారు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“చూశారా,” అన్నాడు మావయ్య పెద్దల వైపు తిరిగి. “దీని చేతివంట బాగుపడాలని ఎన్నేళ్ళనుంచో ప్రార్థిస్తున్నాను. ఇవాళ్టికి ఆలకించాడు.”

పెద్దలు నిండు నోళ్ళతో ఆమెన్ అన్నారు. అత్తయ్య మొహంలో అప్పుడే వచ్చిన వెలుగు అప్పుడే పోవడం నేను చూశాను.

“ఇంకో రెండు వెయ్యి,” అని ఆయన పళ్ళెం చాచాడు.

“వేస్తానండీ. ఇంత పనిచేసిన ప్రార్థన, రెండో వడ్డనకీ చేసుకోండి మరి.”

పదిమందిలో సంఘపెద్ద ప్రార్థనకి కాదనలేడు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య పెద్దలకి మారు వడ్డించి, కుంపటి పక్కన పీట వాల్చుకుని, మిగిలిన పక్కటెముకలు నిప్పుల మీద నుంచే తీసుకుని తినడం మొదలుపెట్టింది. నాకూ పక్కన చోటిచ్చింది. కండ అట్టా జారి వస్తోంది.